ఫారడే పుచ్చుకున్న సెలవు

మైకేల్ ఫారడే పేరు వినని విద్యార్థి ఉండడు. తీగచుట్టలోనికి అయస్కాంతాన్ని జొనిపితే ఆ తీగలో విద్యుత్తు పుడుతుందని కనిపెట్టినవాడు ఆయనే. విద్యుత్కేంద్రాలలో తిరిగే జనరేటర్లన్నిటికీ ఆ కనుగోలే మూలం. అయితే ఇంతటి శాస్త్రజ్ఞుడు నలభైయెనిమిదేండ్ల వయస్సులో మనస్సు అలసి, జ్ఞాపకం తప్పి, తన పరిశోధనను కొన్నేండ్లపాటు ప్రక్కన పెట్టవలసి వచ్చిందన్న సంగతిని పాఠ్యగ్రంథాలు సాధారణంగా చెప్పవు. చెప్పినా ఒక్క వాక్యంలో దాటిపోతాయి. ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగి చూద్దాం.

కథను కొలిమి దగ్గర మొదలుపెట్టాలి. ఫారడే తండ్రి జేమ్స్ కమ్మరి. ఇంగ్లండు ఉత్తర ప్రాంతం నుండి బ్రతుకుతెరువు కోసం లండను చేరినవాడు. 1791 సెప్టెంబరు 22 వ తేదీన, లండను శివారున న్యూయింగ్‌టన్ బట్స్ అనే చోట, మైకేల్ పుట్టాడు. నలుగురు బిడ్డలలో మూడవవాడు. జేమ్స్ మంచి పనివాడే గాని ఆరోగ్యవంతుడు కాడు. సమ్మెట పట్టిన నాడు కూలి, మంచం పట్టిన నాడు పస్తు. కమ్మరికి సెలవు ఎవరిస్తారు? 1801 లో ధాన్యం ధరలు మిన్నంటినప్పుడు ఆ కుటుంబం ధర్మసహాయానికి చేయి చాపవలసి వచ్చింది. తొమ్మిదేండ్ల మైకేల్‌కు వారానికి ఒక రొట్టె యిచ్చేవారు. దానితోనే వాడు ఏడు రోజులూ గడుపుకోవాలి. జేమ్స్ 1810 లో కన్నుమూశాడు.

కుర్రవాడు రీబో అనే పుస్తకాల వర్తకుని దగ్గర ఏడేండ్లు బైండింగు పని నేర్చుకున్నాడు. అట్టలు కట్టడానికి వచ్చిన పుస్తకాలు చదివి శాస్త్రాభిరుచి పెంచుకున్నాడు. 1812 లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విని, వాటిని శుభ్రంగా వ్రాసి, తానే బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటి సంవత్సరం మార్చి 1 వ తేదీన రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రయోగశాల సహాయకుడుగా ఉద్యోగం దొరికింది. 1821 లో సారా బర్నార్డ్‌ను వివాహమాడాడు. ఆ దంపతులకు సంతానం లేదు. ఆల్బెమార్ల్ వీధిలోని ఆ సంస్థ మేడమీదనే వారి కాపురం, క్రింద ప్రయోగశాల. ఉద్యోగానికీ ఇంటికీ నడుమ ఒక మెట్లవరుస తప్ప ఎడమే లేదు. ఈ చిన్న విషయాన్ని జ్ఞాపకం ఉంచుకోవడం మంచిది.

1831 ఆగస్టు 29 వ తేదీన విద్యుదయస్కాంత ప్రేరణను కనిపెట్టింది మొదలు ఆయన వేగానికి అడ్డు లేకపోయింది. ఏడేండ్లలో పధ్నాలుగు పరిశోధన పత్రమాలలు వెలువడ్డాయి. విద్యుద్విశ్లేషణ సూత్రాలు అప్పటివే. ఎలక్ట్రోడు, అయాను అన్న మాటలు లోకానికి వచ్చింది కూడా అప్పుడే. ఇవి గాక శుక్రవారపు సాయంకాల ఉపన్యాసాలు, ఊలిచ్ సైనిక విద్యాలయంలో రసాయనశాస్త్ర బోధన, 1836 నుండి ట్రినిటీ హౌస్ వారి దీపస్తంభాలకు శాస్త్రసలహాలు. విందులకు పోవడం మానుకున్నాడు. వారంలో మూడు రోజులు సందర్శకులను చూడనని నియమం పెట్టుకున్నాడు. ఆ విధంగా మిగిలిన కాలం విశ్రాంతికి పోయిందా అంటే, అదీ ప్రయోగశాలకే పోయింది.

1839 చివర దెబ్బ తగిలింది. కండ్లు తిరగడం, తలనొప్పి, అన్నిటికంటె మించి మరపు. నిన్న చేసినది నేడు గుర్తుండదు. మాట మధ్యలో తెగిపోతుంది. లేథమ్ అనే వైద్యుడు చూచి, దేహానికీ మనస్సుకూ విశ్రాంతి తప్ప మందు లేదని, అది అత్యవసరమని, ఫారడే సహోద్యోగి బ్రాండ్‌కు జాబు వ్రాశాడు. ఇటువంటి స్థితికి నాడు సరియైన పేరే లేదు. ప్రయోగశాలలోని పాదరసపు ఆవిరి ఆయనను పాడుచేసిందని తరువాతి కాలపు వైద్యులు కొందరు ఊహించారు. దానికి తిరుగులేని నిదర్శనం లేదు. కారణమేదైనా, లేథమ్ కంటికి కనబడినది అలసిపోయిన మనిషి.

సారా ఆయనను సముద్రతీరానికి, బ్రైటన్‌కు, తీసుకొనిపోయేది. కొంత తేరుకొనేవాడు, తిరిగి వచ్చి పనిలో దిగేవాడు, మళ్లీ కూలబడేవాడు. 1840 అంతా ఇంచుమించు ఇదే వరుస. ఆ సంవత్సరాంతంలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ నిర్వాహకులు సమావేశమై ఒక తీర్మానం చేశారు: ఆరోగ్యం పూర్తిగా చక్కబడేదాకా ఫారడేకు సంస్థకు సంబంధించిన ఏ విధీ లేదు. ఇన్ని నెలలని గడువు పెట్టలేదు. ఆ సంస్థకు ధనబలం లేదు. అది బ్రతుకుతున్నది ఉపన్యాసాలకు వచ్చే జనం మీద. ఆ జనం వచ్చేది చాలవరకు ఫారడే కోసం. అటువంటివారు ఆ ఉపన్యాసకుణ్ణే ఇంటికి పంపి, ఇల్లూ పదవీ ఆయనవిగానే ఉంచారు. సంస్థలు తమ పెద్దలకు విగ్రహాలు కట్టించడం మనమెరుగుదుము. వారు బ్రతికి ఉండగా విశ్రాంతి నివ్వడం అంత తరచుగా చూడము.

ఆర్థికంగా కూడా ఆయనకు కాలు నిలిచే నేల ఉన్నది. సంస్థ జీతం ఏడాదికి 100 పౌనులు. ఇల్లు, బొగ్గు, కొవ్వొత్తులు వారివే. 1835 చివర ప్రభుత్వం 300 పౌనుల వార్షిక భృతి మంజూరు చేసింది. ప్రధాని మెల్‌బర్న్ ఆ భృతిని గురించి చులకనగా మాట్లాడినాడని ఫారడే మొదట తిరస్కరించాడు. ప్రధాని పొరపాటు ఒప్పుకొన్న మీదటనే పుచ్చుకున్నాడు. నాడు పౌరుషం కొద్దీ వద్దనే ఉండిపోతే నాలుగేండ్ల తరువాత ఏమయ్యేదో! తండ్రికి లేనిది కుమారునికి దొరికింది: పని చేయని నాడు కూడా పొయ్యి వెలగడం.

అయినా సెలవు పుచ్చుకున్నవానికి ఒక బాధ ఉంటుంది. కాలు విరిగితే కట్టు కనబడుతుంది. తల పని చేయడం లేదంటే ఎదుటివారు ముఖం వంక చూస్తారు. ముఖం బాగానే ఉంటుంది. ఆ రోజులలో ఫారడే ఒక కాగితం మీద పెన్సిలుతో గిలికిన చీటీ యొకటి మిగిలి ఉన్నది. భాష ఉన్నది భావాన్ని దాచుకోవడానికే నన్నాడట ఫ్రెంచి రాజనీతిజ్ఞుడు తాలేరాన్. ఆ మాటను ఎత్తుకొని ఫారడే, తన విషయంలో అట్లా కాదని విన్నవించుకున్నాడు. ఎక్కువ మాటలు భరించలేనని తానంటే తన తల భరించలేదనే అర్థమట. దాని వెనుక మరొక అర్థం వెదుకవద్దట. హాస్యంగానే వ్రాశాడు. అంతటి సత్యసంధుడు తన మాట నమ్మమని చీటీ వ్రాసుకోవలసి రావడం మాత్రం హాస్యం కాదు.

1841 జూన్ చివర సారా, ఆమె సోదరుడు జార్జి బర్నార్డ్, అతని భార్య వెంట రాగా ఫారడే స్విట్జర్లండు వెళ్లాడు. మూడు నెలలు అక్కడే ఉన్నారు. జార్జి చిత్రకారుడు, అతడు కొండలను గీస్తుంటే ఈయన కొండలలో నడిచేవాడు. నడక కూడా సామాన్యమైనది కాదు. గెమ్మి కనుమ దాటిన నాడు 45 మైళ్లు నడిచాడు! కాళ్లకు ఏ రోగమూ లేదు. జ్ఞాపకశక్తి మాత్రం కాళ్లతోపాటు కదలలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, భార్యకూ తెలుసు.

ఆ ప్రయాణంలో దినచర్య వ్రాశాడు. అందులో విద్యుత్తు లేదు, అయస్కాంతం లేదు. బ్రియెంజ్ సరస్సు ఒడ్డున గీస్‌బాఖ్ జలపాతం ముందు నిలిచి, నీటితుంపరల మీద ఇంద్రధనుస్సు చూచిన వర్ణన ఉన్నది. గాలికి తుంపరలు చెదరుతున్నా, నీరు విరుచుకుపడుతున్నా ధనుస్సు మాత్రం ఉన్నచోటనే నిలిచి ఉండడం ఆయన మనస్సును పట్టుకొన్నది. ఒక గ్రామ శ్మశానంలో ఒక పేదవాని సమాధి చూచాడు. రాయి చెక్కించే స్తోమతు లేక, ఎవరో పేరు కాగితం మీద వ్రాసి, వానకు తడవకుండా పైన చిన్న కప్పు అమర్చారు. ఆ కప్పు క్రిందికి ఒక గొంగళిపురుగు ప్రాకి, గూడు కట్టుకొని, రెక్కలు వచ్చి ఎగిరిపోయింది. ఖాళీ గూడు అక్కడ మిగిలింది. అదీ వ్రాసుకొన్నాడు. ఇంటర్లాకెన్‌లో ఒకచోట మేకులు కొట్టే కమ్మరిని చూచి ఆగిపోయాడు. కొలిమి, దానికి సంబంధించినదంతా తనకు ఇష్టమని, తన తండ్రి కమ్మరి అని ఆ పుటలో వ్రాశాడు. అప్పటికి తండ్రి పోయి ముప్పైయేండ్లు దాటింది.

సెప్టెంబరు చివర లండను చేరాడు. ఇక్కడ కథకులు సాధారణంగా తొందరపడుతారు: కొండగాలి సోకింది, జబ్బు కుదిరింది, వెంటనే మహాసత్యం కనబడింది అంటారు. అట్లా జరుగలేదు. 1841 డిసెంబరులో పిల్లలకు రసాయనశాస్త్రం మీద ఉపన్యాసాలు మొదలుపెట్టాడు గాని, ప్రయోగశాల పుస్తకంలో 1840 శరత్కాలం నుండి 1842 వేసవి దాకా ఇంచుమించు తెల్లకాగితమే. 1840 లో పదిహేడవ పత్రమాల ముగిసింది. 1845 చివర పందొమ్మిదవది వచ్చింది. నడుమ 1843 లో ఒక్కటంటే ఒక్కటి. దీపస్తంభాల పని మాత్రం పూర్తిగా విడువలేదు. దీపాల పొగను, తేమను బయటికి లాగే ఒక గొట్టం కల్పించి, దాని హక్కును అన్న రాబర్ట్‌కు ఇచ్చివేశాడు. 1844 లో హాస్వెల్ బొగ్గుగని ప్రేలి 95 మంది మరణించినప్పుడు ప్రభుత్వం పంపగా వెళ్లి విచారణలో పాల్గొన్నాడు. ఇట్లా చిన్న చిన్న పనులతో, తల ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు, మెట్టు మెట్టుగా దిగి ప్రయోగశాలకు చేరుకొన్నాడు.

1845 ఆగస్టులో విలియం థామ్సన్ అనే ఇరవైయొకటేండ్ల యువకుడు ఒక జాబులో కాంతికీ విద్యుత్తుకూ సంబంధమున్నదా అన్న ప్రసంగం తెచ్చాడు. అదే తరువాతి కాలపు లార్డ్ కెల్విన్. ఫారడే పాత ఆశ మళ్లీ మేల్కొన్నది. పదిహేనేండ్లకు పూర్వం దూరదర్శినుల కోసం తాను శ్రమపడి పోసిన సీసపు గాజు దిమ్మలు మూలన పడి ఉన్నవి. అప్పట్లో అవి పెద్దగా అక్కరకు రాలేదు. సెప్టెంబరు 13 వ తేదీన ఒక దిమ్మను బలమైన విద్యుదయస్కాంతపు ధ్రువాల దగ్గర ఉంచి, దానిగుండా ధ్రువీకృత కాంతిని పంపాడు. కాంతి కంపించే తలం ప్రక్కకు తిరిగింది. వెలుగుకూ అయస్కాంతానికీ చుట్టరికమున్నదని మానవునికి తెలిసిన తొలి రోజు అది. నవంబరులో అయస్కాంతం ఆకర్షించని పదార్థాలను అది వికర్షిస్తుందని కనిపెట్టాడు. మ్యాక్స్‌వెల్ సిద్ధాంతానికి పునాదిరాళ్లు కొన్ని ఆ శరత్కాలంలో పడినవే.

జ్ఞాపకశక్తి మాత్రం తిరిగి రాలేదు. ఒకమారు ఆరు వారాలు కష్టపడి ప్రయోగాలు చేసి, ఫలితమేమీ లేదని తేల్చుకొని, పాత పుస్తకం తిరగవేయగా ఆ ప్రయోగాలే ఎనిమిది తొమ్మిది నెలల క్రితం తాను చేసి, అదే ఫలితం వ్రాసుకొన్నట్లు కనబడింది. అందుకే కాబోలు ప్రయోగశాల దినచర్యను అంత శ్రద్ధగా వ్రాశాడు. 1862 నాటికి పేరాల సంఖ్య 16,041 కి చేరింది. తల మోయలేనిదాన్ని కాగితం మోసింది.

1861 లో, డెబ్బైయవ యేట, పిల్లల ఉపన్యాసాలు ఇక తనవల్ల కావని నిర్వాహకులకు రాజీనామా వ్రాశాడు. వారు ఆ ఒక్కదాని నుండి విడుదల చేసి, ఇల్లు, ప్రయోగశాల ఆయన అజమాయిషీలోనే ఉంచారు. 1865 లో ఆయనే పట్టుబట్టి వదలుకొన్నాడు. చిరకాలమిత్రుడు షోన్‌బైన్‌కు వ్రాసిన చివరి జాబులో, వ్రాసినవన్నీ అర్థం లేకుండా పోతున్నవని, చించివేస్తూ మళ్లీ వ్రాస్తున్నానని తెలుపుకొన్నాడు. విక్టోరియా రాణి 1858 లో యిచ్చిన హాంప్టన్ కోర్టు ఇంటిలో, 1867 ఆగస్టు 25 వ తేదీన, కుర్చీలో కూర్చుండియే ప్రాణం విడిచాడు. హైగేట్ శ్మశానంలో సమాధిరాతి మీద ఆయనను గురించి పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ తప్ప మరేమీ లేవు.