భాస్వరాన్ని కొలిచిన సుబ్బారావు

మనిషి మెడలో, థైరాయిడ్ గ్రంథి వెనుక, బియ్యపు గింజల పరిమాణంలో నాలుగు చిన్న గ్రంథులు ఉంటాయి. వాటిని పారాథైరాయిడ్ గ్రంథులంటారు. రక్తంలో కాల్షియంను అదుపులో ఉంచేవి అవే. అవి చెడినవని చేతితో తడిమి తెలుసుకోవడం దాదాపు అసాధ్యం; రక్తమే చెప్పాలి. ఆ రక్తాన్ని పలికించిన విద్యలో ఒక ముఖ్యభాగం ఆంధ్రుడొకరిది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. బీదతనం వల్ల, కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనికుడు కావాలని బాల్యంలోనే ఇల్లు విడిచిపోయారు. తల్లి వెనుకకు రప్పించింది. మెట్రిక్యులేషన్ మూడవమారు గాని గట్టెక్కలేదు. ఉపాధ్యాయులు యీ సంగతి మరువరాదు!

నాడు డెల్టా బాలురకు పైచదువంటే మద్రాసే. 1899లో వేసిన రైలుదారి నెల్లూరు, గూడూరు దాటి, పులికాట్ సరస్సుకు చేరువనున్న సూళ్లూరుపేట మీదుగా ఆ పట్నానికి పోతుంది. సుబ్బారావుగారు అక్కడి వైద్య కళాశాలలో చేరారు. ఖద్దరు ధరించడం శస్త్రచికిత్సాచార్యునికి నచ్చలేదు. ఫలితంగా పూర్తి పట్టా బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికి వచ్చింది. సోదరులిద్దరు సంగ్రహణివంటి వ్యాధితో కొద్దిదినాల తేడాలో మరణించారు. తానూ అదే వ్యాధికి గురై, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో బోధించి, మామగారి ధనసహాయంతో బోస్టన్ చేరారు. అక్కడ ఆస్పత్రిలో రాత్రులు రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచి పొట్టపోసుకుంటూ హార్వర్డులో చదివారు.

1925లో సైరస్ ఫిస్కేతో కలసి ఆయన రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. రక్తం నుండి మాంసకృత్తులను తొలగించి, మాలిబ్డేటు కలిపి, మరొక ద్రావణం చేరిస్తే నీలవర్ణం పుడుతుంది. భాస్వరం ఎంత ఉంటే నీలం అంత చిక్కన. ఆ రంగును తెలిసిన నమూనాతో సరిపోల్చడమే లెక్క. అదే సంవత్సరం కెనడాలో జేమ్స్ కాలిప్ పారాథైరాయిడ్ సారాన్ని తీసి, అది రక్తంలో కాల్షియంను పెంచుతుందని చూపడం విశేషం.

ఆ గ్రంథులు తమంత తాము మితిమీరి పనిచేస్తే ఎముకల కాల్షియం రక్తంలోకి దిగుతుంది, భాస్వరం మూత్రంలో పోతుంది. మూత్రపిండాలలో రాళ్లు పుడతాయి. పెక్కుమందిలో రక్తపోటు కూడ కనిపిస్తుంది. రక్తనాళాల కండరం బిగియడానికి కాల్షియం కావాలి గనుక ఆ రెంటికీ సంబంధం ఉండడం వింత కాదు. అయితే చెడిన గ్రంథిని తీసివేసినంతమాత్రాన అందరికీ రక్తపోటు దిగదు. ఇక రెండవ త్రోవ ఇందుకు విరుద్ధం. ఏండ్లతరబడి అదుపులేని రక్తపోటు మూత్రపిండాలను పాడుచేస్తే భాస్వరం రక్తంలోనే నిలిచిపోతుంది, కాల్షియం తరుగుతుంది. ఆ లోటు తీర్చబోయి గ్రంథులు ఉబ్బుతాయి. గ్రంథులు రెండు వ్యాధులలోనూ అతిగానే పనిచేస్తాయి. మొదటిదానిలో సాధారణంగా భాస్వరం తక్కువ, రెండవదానిలో ఎక్కువ. గ్రంథిరసాన్నే కొలిచే పద్ధతి 1963 దాకా రాలేదు. అంతవరకు వైద్యులకు భాస్వరమే పెద్ద దిక్కు.

కండరసారంలో ఆ నీలం నింపాదిగా చిక్కబడడం గమనించే ఫిస్కే, సుబ్బారావులు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించారు. 1929లో ఏ.టి.పి.ని వేరుచేశారు, అదే యేడు జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొన్నారు. ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి లభించలేదు. 1940లో లెడర్లీ సంస్థకు పోయారు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు హెట్రజాన్, ఆరియోమైసిన్ అక్కడ ఆయన నాయకత్వంలో వెలువడినవే.

త్వరలో తిరిగివస్తానని భార్య శేషగిరికి చెప్పి పోయిన సుబ్బారావుగారు మరల స్వదేశం చూడలేదు. 1948 ఆగస్టులో, 53వ యేట, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండె ఆగి మరణించారు. భాస్వరం కొలిచే ఆ పద్ధతి మాత్రం నేటికీ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతోనే జీవరసాయన విద్యార్థుల పుస్తకాలలో ఉంది.