దోహాలో కాదన్న మారనే సెజ్‌లకు ఔనన్నారు

మన దేశంలో సెజ్‌లకు దారి వేసింది మురసోలి మారన్. తెలుగువారికి ఆయన కరుణానిధి మేనల్లుడిగా, సన్ టీవీ అధిపతి తండ్రిగానే ఎక్కువ గుర్తు.

1934లో తిరుక్కువళైలో పుట్టారు. పత్రిక నడిపారు, సినిమాలకు కథలు రాశారు, 1967లో లోక్‌సభకు వచ్చారు. రాష్ట్రాల స్వయంప్రతిపత్తిపై ఏకంగా ఒక పుస్తకమే రాసిన ఈ ద్రవిడ నేత, 1999లో వాజపేయి ప్రభుత్వంలో వాణిజ్య, పరిశ్రమల మంత్రిగా ఢిల్లీ ఉద్యోగ్ భవన్‌లో కూర్చున్నారు.

అప్పటికి ఎగుమతి మండళ్లు మనకు కొత్త కావు. కాండ్లాలో 1965లోనే మొదలైంది. ఢిల్లీ పక్కన నోయిడాలో 1985లో ఒకటి వచ్చింది. కానీ దాని విస్తీర్ణం 310 ఎకరాలు. చైనా 1980లో షెన్‌జెన్‌కు కేటాయించింది 327 చదరపు కిలోమీటర్లు! పైగా మన మండళ్లలో అడుగడుగునా కస్టమ్స్ తనిఖీలే. చైనా నమూనా మారన్‌ను ఆకట్టుకుంది. 2000 మార్చి 31న ప్రకటించిన ఎగుమతి, దిగుమతి విధానంలో సెజ్‌లను ప్రవేశపెట్టారు. సుంకాల లెక్కలో ఆ ప్రాంతం విదేశంతో సమానం. తయారీలో నూరు శాతం విదేశీ పెట్టుబడికీ తలుపులు తెరిచారు. 2003లో నోయిడా, విశాఖ మండళ్లు సెజ్‌లయ్యాయి.

అదే మారన్ 2001 నవంబరులో దోహా డబ్ల్యూటీవో సమావేశంలో మొండికేశారు. విదేశీ పెట్టుబడులపై ప్రపంచ నిబంధనలకు చర్చలు మొదలుపెట్టాలని సంపన్న దేశాలు ఒత్తిడి తెచ్చాయి. సభ్యులందరి స్పష్టమైన సమ్మతి లేకుండా అవి మొదలుకావన్న వివరణ అధ్యక్షుడి నుంచి వచ్చేదాకా ఆయన దిగిరాలేదు. ఇందులో వైరుధ్యం వెతికినవారున్నారు గానీ, నిజానికి లేదు. పెట్టుబడిని పిలవాలి, షరతులు మాత్రం మనమే రాసుకోవాలి. ఆయన లెక్క అది.

2002లో గుండె జబ్బు ముదిరింది. శాఖ లేని మంత్రిగా మిగిలి, 2003 నవంబరు 23న చెన్నైలో కన్నుమూశారు.

సెజ్ చట్టం 2005లో వచ్చి, 2006 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. ఆ తర్వాతే భూముల గొడవలు ముదిరాయి. కాకినాడ సెజ్‌కు వ్యతిరేకంగా తొండంగి, కొత్తపల్లి మండలాల రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. మారన్ విధానంలో ఒక సెజ్‌కు కనీసం వెయ్యి హెక్టార్లు ఉండాలి. 2006 నిబంధనల్లో ఐటీకి పది హెక్టార్లు చాలన్నారు. గుర్‌గావ్, నోయిడాల్లో ఐటీ కార్యాలయ భవనాల సముదాయాలు సెజ్‌లయింది అలాగే.