భయముతో పని చేయించని కంట్రాక్టరు – ఒంగోలు క్లౌ దొరగారు

తెలుగు క్రైస్తవులలో ఒంగోలు క్లౌ దొరగారి పేరు వినని వారు అరుదు. ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మనలో చాలామందిమి చిన్ననాడే పెద్దల నోట విన్నాము. అయితే ఆ దినమునకు ముందు ఆయన కాలువ కంట్రాక్టరుగా పనిచేశారనీ, పదిహేను నెలలపాటు బాప్తిస్మములను నిలిపివేశారనీ జ్ఞాపకముంచుకొన్నవారు తక్కువ. ఏ భయమును విడిచిపెట్టవలెనో, ఏ భయమును దగ్గర ఉంచుకొనవలెనో తెలిసిన నాయకుని చరిత్ర అది. ఇంటిలోగాని, వ్యాపారములోగాని, సంఘములోగాని పదిమందిపై పెద్దరికము వహించే వారందరికీ అది పనికివచ్చే చరిత్ర.

జాన్ ఎవరెట్ క్లౌగారు 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రములో జన్మించారు. యౌవనములో మిన్నెసోటా ప్రాంతములో సర్వే వారితో తిరిగి, గొలుసు పట్టి భూమి కొలిచే పని నేర్చుకొన్నారు. ఆ విద్య తరువాత ఎక్కడ అక్కరకు వస్తుందో అప్పుడాయనకు తెలియదు. 1865లో భార్య హేరియట్ గారితో మన దేశము వచ్చి, కొంతకాలము నెల్లూరులో ఉండి, 1866లో ఒంగోలు చేరారు.

మొదటి పరీక్ష త్వరలోనే వచ్చింది. అగ్రవర్ణముల వారు తమ పిల్లలను ఆయన పాఠశాలకు పంపుతూ వచ్చారు. ఇంతలో తోళ్ల వ్యాపారము చేసే యెర్రగుంట్ల పేరయ్యగారి సాక్ష్యము వలన మాదిగ సోదరులు క్రీస్తును అంగీకరింపసాగారు. 1867 జనవరిలో తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మము పొందారు. వీరిని చేర్చుకొంటే తాము తొలగిపోతామని ఊరి పెద్దలు తెలియజేశారు. పెద్దలు దూరమైతే మిషను పని ఏమవుతుందోనని క్లౌగారు నిజముగా కలవరపడ్డారు. దంపతులిద్దరూ వేర్వేరు గదులలో ప్రార్థించి బైబిలు తెరువగా, ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో ఒకే భాగము కనబడిందని ఆయన చరిత్ర చెబుతున్నది. లోకములో ఎన్నిక లేనివారిని దేవుడు పిలుచుకొనుటను గూర్చిన భాగమది. ఆయన బీదవారిని విడువలేదు. పెద్దలు పిల్లలను మానిపించారు. బలవంతుల భయము అక్కడ ఓడిపోయింది.

రెండవ పరీక్ష 1876–78 నాటి గొప్ప కరువు. వానలు లేవు, పంటలు లేవు, కలరా ఒకవైపు. ప్రభుత్వము కరువు పనిగా బకింగ్‌హాం కాలువను త్రవ్వించసాగింది. పని ఉన్నది గాని, మాదిగవారు అక్కడికి వెళ్లుటకు జంకారు. పైనున్న తనిఖీదారులు, బంట్రోతులు వారిని కసరి నెట్టివేసేవారు. తరతరాలుగా ఆ కేకకు వణికిన వారు, ఆకలితోనైనా తిరిగి వచ్చేవారే గాని ఎదురు మాట్లాడేవారు కారు. కరువులో అలా తిరిగివచ్చుట అంటే చావుకు దగ్గరగుటే.

అప్పుడు క్లౌగారు కాలువలో మూడున్నర మైళ్ల భాగమును కంట్రాక్టుకు తీసుకొన్నారు. పూర్వము నేర్చిన సర్వే పని ఇక్కడ అక్కరకు వచ్చింది. రాజుపాలెము వద్ద పాక వేసి, తన బోధకులనే పనిపై మేస్త్రీలుగా పెట్టారు. వారు తిట్టి పని చేయించేవారు కారు. విశ్రాంతి వేళలలో కూలివారి మధ్య కూర్చుండి, వారి ఊరు, పేరు, కష్టము అడిగేవారు, ప్రభువును గూర్చి చెప్పేవారు. కర్ర లేకుండ ఈ జనము పని చేయరనుకొనే కాలమది. అయినను బెదిరింపు లేని చోటికే జనము వెదకికొని వచ్చారు, ఆయన ఒప్పుకొన్న భాగము త్రవ్వారు. భయము మనిషిని పారిపోవునట్లు చేయగలదు, పని చేయుచున్నట్లు నటింపజేయగలదు. అంతకంటె అది సాధించేది బహు కొద్ది.

ఇక మూడవ పరీక్ష అన్నిటికంటె కష్టమైనది. వేలమంది బాప్తిస్మము కోరారు. కాని 1877 మార్చి మొదలు ఆయన ఎవరికీ ఇవ్వలేదు. కూలికొరకు, గింజలకొరకు వచ్చేవారితో సంఘము నిండునేమోనని ఆయన భయము. మనము గమనింపవలసిన సంగతి ఇంకొకటి ఉన్నది. ఆయన ఎంత దయగలవారైనా దొరయే. కూలి ఇచ్చే దొర ఎదుట బీదవాడు కాదని చెప్పగలడా? అన్నము పెట్టే చేతికి ఎదురాడలేక పలికిన సమ్మతి సమ్మతి కాదు. నెలకొలది ఆగుట వలన, ఆయనను సంతోషపెట్టవలసిన అవసరము జనులకు లేకుండ పోయింది.

1878 నడిమికి సహాయము ముగింపుకు వచ్చింది. ఇక ఇచ్చుటకు ఏమియు లేదని తెలిసియు జనులు వచ్చారు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద కూడి, తమకు డబ్బు సహాయము అక్కరలేదనీ బాప్తిస్మమే కావలెననీ వేడుకొన్నారు. బోధకులు ఒక్కొక్కరిని విచారించారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందారు. ఆ గొప్ప దినమున నీటిలో నిలిచినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి వంతులు మార్చుకొంటూ బాప్తిస్మమిచ్చారు. క్లౌగారు తన చేతులతో ఒక్కరికీ ఇవ్వలేదు.

ఆయన 1910లో అమెరికాలో కన్నుమూశారు. తనకంటె బలవంతులకు భయపడలేదు, తనకంటె బలహీనులను భయపెట్టలేదు, తన విజయమును చూచి మాత్రము భయపడ్డారు. మన దుకాణములోని గుమాస్తా, మన హాస్టలులోని పిల్లవాడు, మన కమిటీలోని చిన్న సభ్యుడు మన ఎదుట అవుననినప్పుడు, అది మనస్సులోనుండి వచ్చిన అవునా, జీతమునుగూర్చిన భయమునుండి వచ్చిన అవునా అని మనలను మనమే పరీక్షించుకొందము. ఆ పదిహేను నెలల ఓర్పు మనకును కలుగునుగాక.