జార్జెస్ లెక్లాంచి

జార్జెస్ లెక్లాంచి (అక్టోబర్ 9, 1839 - సెప్టెంబర్ 14, 1882) ప్రసిద్ధ ఫ్రెంచి ఇంజనీరు. జింకు, మాంగనీసు డయాక్సైడులతో పనిచేసే లెక్లాంచి ఘటాన్ని కనుగొన్నాడు. టార్చిలైటులో వాడే అనార్ద్ర ఘటానికి ఇదే మూలరూపం.

జీవిత విశేషాలు

ఈయన ఫ్రాన్సులోని పార్మేన్‌లో జన్మించాడు. తండ్రి న్యాయవాది. రాజకీయ కారణాల వలన కుటుంబం దేశం విడిచినందున లెక్లాంచి ప్రాథమిక విద్య ఇంగ్లండులో సాగింది. తరువాత పారిస్‌లోని ఎకోల్ సెంట్రాల్‌లో చదివి, 1860లో పట్టా పొంది, రైల్వే సంస్థలో ఇంజనీరుగా చేరాడు. 1866లో తన ఘటానికి పేటెంటు తీసుకొని, మరుసటి సంవత్సరం ఉద్యోగం వదలి పూర్తికాలం దీనికే అంకితమయ్యాడు. 1868లో బెల్జియం తంతి శాఖ ఈ ఘటాన్ని స్వీకరించింది.

లెక్లాంచి ఘటం

జింకును ఋణధ్రువంగా వాడటం కొత్త కాదు. వోల్టా కాలం నుండి ఉన్నదే. చిక్కంతా ధనధ్రువం వద్దనే. అక్కడ హైడ్రోజన్ బుడగలు పేరుకొని విద్యుత్ ప్రవాహం తగ్గిపోయేది. బున్సెన్ ఘటంలో దీని నివారణకు నత్రికామ్లం వాడేవారు. దాని నుండి విషవాయువులు వెలువడేవి. లెక్లాంచి ద్రవానికి బదులు ఘనపదార్థాన్ని ఎంచుకున్నాడు. సచ్ఛిద్ర పాత్రలో కర్బన కడ్డీని నిలిపి, దాని చుట్టూ మాంగనీసు డయాక్సైడు, బొగ్గుపొడి మిశ్రమాన్ని కూరాడు. మాంగనీసు డయాక్సైడు విద్యుత్తును సరిగా ప్రసరింపజేయదు. ఆ లోటును బొగ్గుపొడి తీరుస్తుంది. పాత్రను, జింకు కడ్డీని అమ్మోనియం క్లోరైడు (నవాసాగరం) ద్రావణంలో ఉంచాడు. దీని విద్యుచ్చాలక బలం సుమారు 1.5 వోల్టులు.

అయితే మాంగనీసు డయాక్సైడు చర్య నిదానం. ఎడతెగకుండా వాడితే ఘటం నీరసించి, విశ్రాంతి ఇస్తే కోలుకుంటుంది. అందుచేత తంతి, విద్యుత్ గంటలు, టెలిఫోన్ వంటి ఆగి ఆగి పనిచేసే సాధనాలకే ఇది అనువైనది. లెక్లాంచి తరువాత ఈ మిశ్రమాన్ని జిగురుతో కలిపి దిమ్మెలుగా నొక్కి, సచ్ఛిద్ర పాత్ర అవసరం లేకుండా చేశాడు.

మరణానంతరం

లెక్లాంచి 42 ఏళ్ళకే పారిస్‌లో మరణించాడు. ద్రావణాన్ని ముద్దగా మార్చిన గాస్నర్ అనార్ద్ర ఘటానికి జర్మనీలో 1886లో పేటెంటు లభించింది. దానిని చూసే అవకాశం ఈయనకు కలుగలేదు.

లెక్లాంచి ఘటాన్ని తిరిగి ఛార్జి చేయడం ఆచరణలో వీలుకాదు. నీటి ద్రావణంతో పనిచేస్తూ మళ్ళీ మళ్ళీ ఛార్జి చేయగల జింకు బ్యాటరీల కోసం 21వ శతాబ్దపు పరిశోధకులు తిరిగి మాంగనీసు డయాక్సైడునే చేపట్టారు. వాడుకలో మాంగనీసు కొంత ద్రావణంలోకి కరిగిపోవడం వారికి ప్రధాన అవరోధం. దీనిని తగ్గించడానికి ద్రావణంలో ముందుగానే మాంగనీసు లవణం కలపడం ఒక పద్ధతి.