జాఫ్నా నుంచి డోర్నకల్‌కు: బిషప్ అజరయ్య విశ్వాస ప్రస్థానం

భారతదేశంలో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన పేరు డోర్నకల్‌తో పెనవేసుకుపోయింది. తమిళనాట పుట్టిన ఆయనను తెలుగు నేలకు చేర్చిన నిర్ణయానికి మూలం మాత్రం సముద్రానికి ఆవల ఉన్న జాఫ్నాలో ఉంది.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై గ్రామంలో, సంఘ కాపరి అయిన తండ్రికి జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శి అయ్యారు. దక్షిణ భారతంలో పర్యటిస్తూ యువకులకు బోధించారు. వక్తగా, నిర్వాహకుడిగా పేరు తెచ్చుకున్నారు.

1902లో సువార్త పర్యటనలో భాగంగా నాటి సిలోన్‌లోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత మిషనరీ సంఘాన్ని ఏర్పరచుకుని, సముద్రం దాటి భారత తీరంలో జరిగే పనికి తోడ్పడుతున్నారు. తిరునెల్వేలి సంఘం ఎంతో పెద్దది. అయినా దూర ప్రాంతాలకు మిషనరీలను పంపే సొంత సంస్థ దానికి లేదు. ఇతరులకు సేవను బోధిస్తున్న తాను, తన సంఘం ఆ సేవకు ఏమిచ్చామన్న ప్రశ్న ఆయనను కలచివేసింది. ప్రార్థనలో ఆ భారాన్ని మోసుకుని స్వదేశానికి తిరిగివచ్చారు. వారసత్వంగా అందిన విశ్వాసం అప్పటి నుంచి ఆయనకు స్వయంగా చెల్లించవలసిన రుణంగా మారింది.

మరుసటి ఏడాది, 1903 ఫిబ్రవరిలో, పాళయంకోటలో భారతీయ మిషనరీ సంఘం ఏర్పడింది. భారతీయుల ధనంతో, భారతీయ సేవకులతో, భారతీయ నిర్వహణలో నడవడం దాని నియమం. నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని అది తన సేవాక్షేత్రంగా ఎంచుకుంది. 1905 డిసెంబరులో సేరాంపూర్‌లో జాతీయ మిషనరీ సంఘం స్థాపనలోనూ అజరయ్య ముఖ్యపాత్ర వహించారు.

ఇతరులను పంపడంతో ఆయన మనసు తృప్తిపడలేదు. 1909లో వై.ఎం.సి.ఎ. పదవిని విడిచి, గురుత్వాభిషేకం పొంది, కుటుంబంతో డోర్నకల్ చేరారు. ముప్పై అయిదో ఏట తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశీ మిషనరీలు భారతీయులపట్ల దాతృత్వం చూపితే చాలదని, సమాన స్నేహం కావాలని స్పష్టం చేశారు. ఆ మాటలు సభలో పలువురికి రుచించలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్‌గా అభిషిక్తులయ్యారు. చిన్న అధ్యక్షమండలంగా మొదలైన డోర్నకల్ ఆయన కాలంలోనే కృష్ణా తీరానికి విస్తరించింది. సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. గ్రామాల్లో బడులు, ఉపదేశకుల శిక్షణ, మద్యపాన నిషేధం, కుల భేదాల నిర్మూలన ఆయన ప్రధాన కార్యక్రమాలు. దళితుల మతాంతరీకరణ విషయంలో 1930లలో గాంధీజీతో ఆయనకు తీవ్ర భేదాభిప్రాయం ఏర్పడింది. అయినా క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వడాన్ని మాత్రం అజరయ్య వ్యతిరేకించారు.

1939 జనవరి 6న ప్రతిష్ఠితమైన డోర్నకల్ ప్రధాన దేవాలయంలో దేశీయ శిల్పరీతులు కలిసి కనిపిస్తాయి. క్రైస్తవ విశ్వాసం ఈ నేలకు పరాయిది కారాదన్న ఆయన తలంపునకు అది రాతి రూపం.

1945 జనవరి 1న డోర్నకల్‌లో అజరయ్య కన్నుమూశారు. సంఘాల ఐక్యత కోసం 1919లో తరంగంబాడిలో ఆయన ప్రారంభించిన ప్రయత్నం 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ ఆవిర్భావంతో ఫలించింది.