మన లోహాన్ని కనిపెట్టి వదులుకున్న సారు

దెల్ రియో 1764లో స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో పుట్టాడు. 1794లో మెక్సికో పోయి గనుల కాలేజీలో సారు అయ్యాడు. 1801లో అక్కడి సీసం ఖనిజంలో కొత్త లోహం కనిపెట్టిండు. దాని లవణాలు వేడి చేస్తే ఎర్రబడేవి. 1805లో పారిస్‌లో పరీక్షించినాయన అది క్రోమియమే అన్నాడు. సారు కూడా తనదే పొరపాటనుకుని ఊకున్నాడు.

1830లో స్వీడన్‌లో సెఫ్‌స్ట్రోమ్‌కు అదే లోహం దొరికింది. వెనేడియం అని పేరు పెట్టిండు. 1831లో వోలర్ రెండూ ఒకటేనని తేల్చాడు. పేరు మాత్రం మారలే. దెల్ రియో 1849లో మెక్సికోలోనే చనిపోయాడు.

మన కాసిపేట గనుల బొగ్గు మండినా పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తయి. అవి ఊపిరితిత్తులకు చేటు. వేడి పొగలో అమ్మోనియా కలిపి, వెనేడియం ఉన్న ఉత్ప్రేరకం మీదుగా పంపితే నైట్రోజన్, నీటి ఆవిరిగా మారతాయి.

ఎవరన్నా తప్పంటే, కొట్టేసే ముందు లెక్క మళ్ళొకసారి చేసి చూద్దాం!