యంత్రశిల్పి సోయిచిరో హోండా

మన పల్లెల్లో ఒకప్పుడు మోటారు సైకిలు అనగానే హీరో హోండా అనే జంటపేరే నోటికి వచ్చేది. 1984లో ఏర్పడిన ఆ భాగస్వామ్యం 2010 చివరలో విడిపోవాలని నిర్ణయించుకున్నా, ఆ జంటలోని రెండవ పేరు నేటికీ మన వీధుల్లో తిరిగే స్కూటర్లమీద కనిపిస్తూనే ఉంది. మనకది ఒక సంస్థ పేరుగా పరిచితం. నిజానికది ఒక ఇంటిపేరు. తెలుగువారివలెనే జపనీయులు కూడా ముందు ఇంటిపేరు చెప్పి, ఆ తరువాత సొంతపేరు చెప్పుకుంటారు. ఆ లెక్కన ఆయన హోండా సోయిచిరో. ఒక కమ్మరి కొడుకు.

సోయిచిరో 1906 నవంబరు 17న జపాన్‌లోని షిజువోకా ప్రాంతంలో, హమమత్సు నగరానికి చేరువనున్న కోమ్యో గ్రామంలో జన్మించారు. తండ్రి గిహెయి కొలిమి పనివాడు. తల్లి మికా నేతపని తెలిసిన స్త్రీ. కొంతకాలానికి గిహెయి పాత సైకిళ్ళను బాగుచేసి అమ్మే పని కూడా చేపట్టాడు. ఆ విధంగా సమ్మెట చప్పుడు, ఆకురాయి రాపిడి, విప్పి పరచిన చక్రాలు – ఇవే ఆ బాలుని మొదటి పాఠ్యగ్రంథాలయ్యాయి. బడిలోని పుస్తకాలు మాత్రం ఆయనకు అంతగా రుచించలేదు.

ఆయన చిన్ననాటి చిలిపితనానికి కూడా పనితనం తోడుగా ఉండేది. మార్కుల పత్రాన్ని ఇంట్లో చూపించి, సంతకానికి బదులుగా ఇంటిపేరు చెక్కిన ముద్ర వేయించుకొని తేవాలన్నది బడి నియమం. సోయిచిరో సైకిలు పెడలుకుండే రబ్బరును చెక్కి తానే ముద్ర తయారుచేశాడు. తోటి పిల్లలకూ చెక్కి ఇచ్చాడు. అక్కడే దొరికిపోయాడు. హోండా అనే ఇంటిపేరులోని రెండు లిపిచిహ్నాలను నిలువుగా రాస్తే ఎడమ కుడి సమానంగా ఉంటాయి. తిరగేసి చెక్కవలసిన అవసరం లేదు. ఇతరుల పేర్లు అలా ఉండవుగదా! అచ్చులో అక్షరాలు తారుమారయ్యాయి.

పసితనంలోనే ఒకనాడు ఊరిలోకి మోటారు కారు వచ్చింది. బాలుడు దానివెంట పరుగెత్తాడు. అది ఆగినచోట నేలమీద కారిన నూనెను వేలితో తాకి, వాసన చూశాడు. ఆ వాసన జీవితాంతం తనను విడువలేదని తరువాతి కాలంలో ఆయన చెప్పుకున్నారు. 1917లో హమమత్సులో ఆర్ట్ స్మిత్ అనే అమెరికా వైమానికుడు విమాన విన్యాసాలు చేస్తున్నాడని తెలిసి, తండ్రి సైకిలును చెప్పకుండా తీసుకొని సుమారు ఇరవై కిలోమీటర్లు తొక్కుకుంటూ వెళ్ళాడు. ప్రవేశ రుసుముకు చేతిలోని డబ్బు చాలలేదు. దగ్గరలోని దేవదారు జాతి చెట్టెక్కి, కొమ్మల మాటున కూర్చొని విమానాన్ని కన్నులారా చూశాడు.

1922లో చదువు ముగించి, టోక్యోలోని ఆర్ట్ షోకాయి అనే మోటారు మరమ్మతు కర్మాగారంలో శిష్యునిగా చేరాడు. యజమాని యూజో సకకిబార. తొలి నెలల్లో సోయిచిరోకు అప్పగించిన పని యజమాని బిడ్డను ఎత్తుకొని ఆడించడం. పానా పట్టుకోవడానికి వచ్చిన పిల్లవాడు వీపున పసిబిడ్డను కట్టుకొని, ఇతరులు ఇంజన్లు విప్పుతుంటే దూరంనుంచి చూస్తూ నిలబడవలసి వచ్చింది. ఇంటికి పారిపోదామనుకొన్న రోజులున్నాయి. పారిపోలేదు.

1923 సెప్టెంబరు 1న మహాభూకంపం టోక్యో నగరాన్ని కుదిపివేసింది. దాని వెంట మంటలు చెలరేగాయి. కర్మాగారంలోని కార్లను కాపాడడానికి అందరూ తలా ఒకటి నడుపుకొని పోవలసిన ఆ గందరగోళంలోనే సోయిచిరో జీవితంలో తొలిసారి కారు నడిపారు. పనివారిలో అధికులు సొంత ఊళ్ళకు వెళ్ళిపోగా, ఆయన గురువుతో ఉండిపోయారు. కాలి బూడిదైన నగరంలో బాగుచేయవలసిన వాహనాలకు కొదవలేదు. నిప్పుకు ఇనుము నిలిచింది కాని, ఆనాటి చక్రాలకుండే కర్ర ఆకులు కాలిపోయాయి. సోయిచిరో కొత్త ఆకులు చెక్కి, తుప్పు గీకి, రంగు పూసి ఆ కార్లను మళ్ళీ రోడ్డెక్కించారు. చచ్చిందనుకున్న యంత్రాన్ని తిరిగి కదిలించే విద్యను ఆయన నేర్చుకున్నది ఆ బూడిదకుప్పల మధ్యనే.

సకకిబారకు పందెపు కార్లంటే ప్రాణం. ఆయనా, తమ్ముడు షినిచీ, సోయిచిరో కలిసి పగటిపూట మరమ్మతులు ముగిశాక రాత్రివేళల్లో ఒక విచిత్ర వాహనాన్ని నిర్మించారు. అమెరికాలో తయారైన మిచెల్ కారు చట్రాన్ని తీసుకొని, దానిలో కర్టిస్ సంస్థవారి విమానపు ఇంజనును అమర్చారు. ఎనిమిది సిలిండర్ల ఆ ఇంజను పరిమాణం సుమారు ఎనిమిది లీటర్లు. గాలిలో ఎగరడానికి పుట్టిన ఇంజనును నేలమీద పరుగెత్తే చట్రంలో బిగించడమంటే ఒకరి గుండెను మరొకరి దేహంలో అమర్చడం వంటిదే. చక్రాల ఆకులను సోయిచిరో స్వయంగా చెక్కారు. 1924 నవంబరు 23న త్సురుమీలో జరిగిన పందెంలో షినిచీ ఆ కారును నడపగా, పక్కన మెకానిక్‌గా కూర్చున్నది సోయిచిరో. ఆయనకు పద్దెనిమిదేళ్ళు నిండి అప్పటికి వారమైనా కాలేదు. ఆ పందెం వారే గెలిచారు. ఆ కర్టిస్ కారు నేటికీ జపాన్‌లోని మొతెగిలో, హోండా సంస్థ ప్రదర్శనశాలలో భద్రంగా ఉంది.

1928లో గురువు అనుమతితో హమమత్సులో ఆర్ట్ షోకాయి శాఖను తెరిచారు. 1935లో సాచీని వివాహమాడారు. 1936 జూన్ 7న టోక్యో సమీపంలో, తమ నది ఒడ్డునున్న పందెపు బాటమీద, తాను మార్చి నిర్మించుకున్న ఫోర్డు కారుతో బరిలోకి దిగారు. పక్కన తమ్ముడు బెంజిరో. కారు ముందంజలో ఉండగా, మరమ్మతు స్థలంనుంచి మరో కారు ఎదురుగా బాటమీదికి వచ్చింది. ఢీకొని పల్టీలు కొట్టిన కారునుంచి సోదరులిద్దరూ దూరంగా విసిరివేయబడ్డారు. సోయిచిరో ముఖానికి, మణికట్టుకు గాయాలయ్యాయి. బెంజిరో వెన్నెముక దెబ్బతిన్నది. గాయపడిన తమ్ముడు పక్కనుండగా ఏ అన్నకైనా తన అభిరుచిమీద అనుమానం కలగక మానదు.

ఆ తరువాత ఆయన పిస్టన్ రింగుల తయారీకి పూనుకున్నారు. పోత పోసిన ప్రతి రింగూ పెళుసుబారి విరిగిపోయేది. కారణం తెలియక, ముప్పయ్యేళ్ళ వయసులో హమమత్సులోని సాంకేతిక కళాశాలకు వెళ్ళి, తనకంటె చిన్నవారైన విద్యార్థుల నడుమ కూర్చొని లోహశాస్త్ర పాఠాలు విన్నారు. లోహంలో సిలికాన్ తగినంత లేకపోవడమే లోపమని అక్కడే బోధపడింది. పరీక్షలు మాత్రం రాయలేదు. పట్టా లభించలేదు, అది ఆయన కోరనూలేదు. ఇల్లలకగానే పండగ కాదన్నట్లు, టయోటా సంస్థకు పంపిన తొలి నమూనాలు యాభైలో మూడు మాత్రమే పరీక్షకు నిలిచాయి. పట్టు విడువక పరిశ్రమను నిలబెట్టారు. యుద్ధకాలపు బాంబు దాడులు, 1945 జనవరి భూకంపం దానిని దెబ్బతీశాయి. యుద్ధం ముగిసిన ఏడాదే తన వాటాను టయోటా వర్గానికి అమ్మివేశారు.

ఓడిన దేశంలో బియ్యానికి కరువు, పెట్రోలుకు కరువు. రైళ్ళు కిటకిటలాడేవి. 1946లో ఒక మిత్రుని ఇంట ఆయనకు సైన్యంవారి వైర్‌లెస్ పరికరాలకు విద్యుత్తునందించే చిన్న ఇంజను కనిపించింది. యుద్ధం ముగిశాక ఎవరికీ అక్కరలేని వస్తువది. సోయిచిరో దానిని సైకిలుకు బిగించారు. ఇంధనపు తొట్టి కోసం వెతుక్కోనక్కరలేకపోయింది. చలికాలంలో పడకలో పెట్టుకొనే వేడినీళ్ళ పాత్ర ఇంట్లోనే ఉంది! ఆ బండిని మొదట వీధిలో నడిపి చూపినది సాచీ. ఆమె మంచి దుస్తులమీద నూనె చింది మరకలయ్యాయి. ఆ మరకలనుబట్టి సోయిచిరో కార్బ్యురేటర్ లోపాన్ని గుర్తించి సరిదిద్దారు. ఇంటి ఇల్లాలే తొలి పరీక్షకురాలైన ఈ ఘట్టం నాకెంతో ఇష్టం. 1948 సెప్టెంబరు 24న హోండా మోటార్ కంపెనీ ఏర్పడింది. మరుసటి ఏడాది తకెవో ఫుజిసవా వచ్చి చేరి, డబ్బు, అమ్మకాల భారాన్ని తలకెత్తుకున్నారు. 1958లో వెలువడిన సూపర్ కబ్ అనే చిన్న బండి దేశదేశాలకు పాకింది.

మోటారు సైకిళ్ళతో లభించిన కీర్తి ఆయనకు చాలలేదు. కారు చేయాలి. ఆ సమయంలో జపాన్ వాణిజ్య పరిశ్రమల మంత్రిత్వశాఖ ఒక చట్టానికి రూపకల్పన చేస్తోంది. విదేశీ పోటీని తట్టుకోవాలంటే కార్ల సంస్థలు కొన్నే ఉండాలని, కొత్తవారికి ప్రవేశం పరిమితం చేయాలని దాని ఆశయం. సోయిచిరో అధికారులతో బాహాటంగా వాదించారు. ఊరకే వాదించి కూర్చోలేదు. చట్టం రాకముందే కారు తయారై ఉండాలని తొందరపడ్డారు. ఎర్రరంగు విషయంలోనూ తగవు వచ్చింది. అది అగ్నిమాపక శకటాలకు ప్రత్యేకించిన రంగు. రంగును ప్రభుత్వం గుత్తకు తీసుకోవడమేమిటని ఆయన పోరాడి అనుమతి సాధించారు.

1963 అక్టోబరులో ఎస్500 అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అమ్మకానికి వచ్చింది. ఇంజను 531 సీసీ మాత్రమే. అయినా నాలుగు సిలిండర్లకు నాలుగు కార్బ్యురేటర్లు. నిమిషానికి ఎనిమిది వేల చుట్ల వద్ద 44 అశ్వశక్తి. వెనుక చక్రాలను తిప్పినది గొలుసులు! మోటారు సైకిలు నిర్మాత తన తొలి విద్యను కారులోనూ మరువలేదన్నమాట. చట్టం మాత్రం 1964లో ఆమోదం పొందకుండానే వీగిపోయింది. ఎస్500 తరువాత ఎస్600, ఎస్800 వచ్చి, 1970లో ఆ వరుస ముగిసింది.

ఈ కార్లను ఇళ్ళ షెడ్లలో విప్పి, తుప్పు తొలగించి, తిరిగి నడిపించుకొనే అభిమానులు నేటికీ జపాన్‌లోను, ఐరోపాలోను ఉన్నారు. అది ఓపిక కోరే పని. నాలుగు కార్బ్యురేటర్లు సమంగా గాలి పీల్చేటట్లు సర్దాలి. క్రాంక్ షాఫ్ట్‌కు సూదివంటి రోలర్ బేరింగులు. వాటి జోలికి పోవాలంటే గడియారపు పనివాని వేళ్ళు కావాలి. గొలుసులు నూనెలో మునిగి తిరిగే పెట్టెలు కారకుండా చూసుకోవాలి. ఇటువంటివారిలో రెండు మతాలున్నాయి. కారు కర్మాగారంనుంచి వచ్చినట్లే ఉండాలనేవారు కొందరు. మంచి ఇంజను, మంచి బ్రేకులు అమర్చి మెరుగుపరచాలనేవారు మరికొందరు. మొదటివారి నిష్ఠను గౌరవించవలసిందే. కాని మిచెల్ చట్రంలో కర్టిస్ ఇంజనును బిగించిన మనిషి ఏ పక్షాన ఉండేవాడో ఊహించడం కష్టం కాదు.

చేతిపనిమీద అంతటి నమ్మకమే ఆయనను ఒక సందర్భంలో మొండివానిని చేసింది. ఇంజనును నీటితో కాక గాలితోనే చల్లబరచాలన్నది ఆయన పట్టుదల. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. 1968లో గాలితో చల్లబడే ఆర్ఏ302 అనే పందెపు కారును సిద్ధం చేయించారు. అది ఇంకా పందానికి పనికిరాదని జాన్ సర్టీస్ అనే ప్రసిద్ధ చోదకుడు నడపడానికి నిరాకరించాడు. జూలై 7న ఫ్రాన్సులోని రువాన్‌లో జో ష్లెసర్ దానిని నడిపాడు. కారు గట్టును ఢీకొని మంటల్లో చిక్కుకోగా, ష్లెసర్ మరణించాడు. ఇంత జరిగినా సోయిచిరో మనసు మారలేదు. 1969లో వచ్చిన హెచ్1300 కారుకూ గాలి ఇంజనే. పొగ కాలుష్యాన్ని తగ్గించాలంటే నీటి ఇంజనే శరణ్యమని యువ ఇంజనీర్లు ఎంత చెప్పినా ఆయన వినలేదు. చివరకు వారు ఫుజిసవాను ఆశ్రయించారు. ఆయన సోయిచిరోతో మాట్లాడి, సంస్థకు అధ్యక్షునిగా ఉండదలచారో, ఇంజనీరుగా ఉండదలచారో తేల్చుకొమ్మన్నారు. సోయిచిరో కొంతసేపు మౌనంగా ఉండి, అధ్యక్షునిగానే ఉంటానన్నారు. నీటి ఇంజనుకు అనుమతి లభించింది.

ఫలితంగా 1972లో సీవీసీసీ అనే ఇంజను వెలువడింది. అమెరికా విధించిన కఠినమైన కాలుష్య నియమాలను అది నెగ్గింది. అమెరికా మహాసంస్థలను ఓడించే అవకాశం వచ్చిందని సోయిచిరో సంబరపడగా, తాము సంస్థ కోసం కాదు, సమాజం కోసమే పని చేస్తున్నామని యువకులు బదులిచ్చారు. ఆ మాట ఆయనను ఆలోచింపజేసింది. తాను తప్పుకోవలసిన సమయం వచ్చిందని గ్రహించి, 1973 అక్టోబరులో ఫుజిసవాతోపాటు పదవీ విరమణ చేశారు. కుమారునికి పీఠం అప్పగించలేదు.

అటుపిమ్మట దేశమంతటా ఉన్న శాఖలకు, కర్మాగారాలకు స్వయంగా వెళ్ళి పనివారికి కరచాలనం చేస్తూ కృతజ్ఞతలు తెలిపారు. ఒకచోట ఒక యువకుడు తన చేతికి గ్రీజు ఉన్నదని గుర్తించి, కడుక్కొని వస్తానని వెనుదిరగబోయాడు. సోయిచిరో ఆపి, ఆ జిడ్డు చేతినే పట్టుకున్నారు.

1982లో ప్రచురించిన తన పుస్తకంలో ఆయన సొంత ఎడమచేతి బొమ్మ గీసి, దానిమీది గాయాలను గుర్తించారు. కుడిచేయి సుత్తి పట్టి కొట్టేది. ఎడమచేయి వస్తువును పట్టుకొని దెబ్బలు భరించేది. ఉలి దిగిన చోటు, యంత్రం కొరికిన చోటు – చిన్ననాటి కొలిమినుంచి పేరుకున్న మచ్చలన్నీ ఆ చేతిమీద ఉన్నాయి.

సోయిచిరో హోండా 1991 ఆగస్టు 5న, ఎనభైనాలుగేళ్ళ వయసులో టోక్యోలో కన్నుమూశారు. సంస్థ తరఫున భారీ అంత్యక్రియలు జరపవద్దని ఆయన ముందే చెప్పి ఉంచారు. కార్లు తయారుచేసినవాని అంత్యక్రియలకు వచ్చిన కార్లతో రోడ్లు స్తంభించి, దారినపోయేవారు ఇబ్బంది పడరాదని ఆయన కోరిక. సంస్థ ఆ మాటను మన్నించింది.